ఇద్దరు దళవాయిలకు వండిపెట్టాను

నేను ఒక రాగి గుండిగను. గండ్లకోట సంస్థానంలో సైన్యానికి వంట చేయడానికి నన్ను చేయించారు. కత్తుల గురించి, ఫిరంగుల గురించి అడిగేవాళ్లు ఉంటారు కానీ వంటపాత్రను ఎవరూ ఏమీ అడగరు. అయినా నాకు చెప్పాలని ఉంది. సైన్యాన్ని నడిపే దళవాయిలను ఇద్దరిని నేను దగ్గరగా చూశాను. ఒకాయన మీద ఇప్పటికీ పాటలు పాడతారు. రెండో ఆయన పేరు ఆయన పుట్టిన ఊళ్లోనే ఎవరికీ గుర్తు లేదు.

కోట కింది వీధిలో కంచరి వీరాచారి నన్ను నెలల తరబడి సుత్తితో మొత్తి ఈ ఆకారానికి తెచ్చాడు. నా చెవుల్లో దుంగ దూర్చి నలుగురు మోయాలి. పని పూర్తయిన రోజు దళవాయి ఎర్రమ నాయుడు స్వయంగా చూడటానికి వచ్చాడు. నిలువెత్తు మనిషి. నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది. నన్ను వేళ్లతో కొట్టి, మోత విని, “బలే ఉండాదే! నగారా పగిలిపోతే దీన్నే వాయించుకోవచ్చు” అన్నాడు. అక్కడున్న సిపాయిల ముఖాలు వెలిగిపోయాయి. ఆయన ఎక్కడికి వెళ్లినా అంతే. ఆయన వెంట చావడానికి కూడా జనం తొందరపడేవాళ్లు.

నన్ను సుంకులమ్మకు అప్పగించారు. సైన్యం వంటంతా ఆమె చేతి మీదే నడిచేది. ఆమె భర్త మారెప్ప బల్లెం పట్టే సిపాయి. పొద్దున్నే నీళ్లు మోసి తెచ్చి నాలో పోసేవాడు. “ఎసరు ఎక్కువైంది” అని ఆమె విసుక్కునేది. “అయితే జావ తాగుతాంలే” అని అతను నవ్వేవాడు.

కుంటేరు రేవు దగ్గర జరిగిన యుద్ధమే ఎర్రమ నాయుడికి పేరు తెచ్చింది. ఏరు నిండుగా పారుతోంది. శత్రువులు ఆ గట్టున ఉన్నారు. ఆయన తెల్ల గుర్రం మీద అందరికంటే ముందు నీళ్లలోకి దూకాడు. వెనక సైన్యమంతా దూకింది. బాణాలు, తుపాకులు దేన్నీ లెక్కచేయకుండా ఏరు దాటి సాయంత్రానికి గెలిచారు.

సుంకులమ్మ అందరికీ సరిపడా జొన్న సంగటి కెలికి సిద్ధంగా ఉంచింది. జనం వచ్చారు, తిన్నారు. నాలో సగం అలాగే మిగిలిపోయింది. ఆమె తెడ్డు పట్టుకుని ఏటి వైపు చూస్తూ నిలబడింది.

ఎర్రమ నాయుడు వచ్చాడు. ఒళ్లంతా నెత్తురు. నాలోకి తొంగి చూసి, “ఇంత మిగిలిందేందమ్మా?” అన్నాడు.

“తినేవాళ్లు రాలేదు నాయనా,” అంది సుంకులమ్మ. “మా ఆయన గూడా రాలేదు.”

ఆయన పొయ్యి పక్కన నేల మీద కూలబడ్డాడు. ముద్ద చేతిలోకి తీసుకున్నాడు కానీ నోట్లో పెట్టుకోలేక ఏడ్చాడు. ఆ ఏడుపు పాటల్లో లేదు. పాటల్లో తెల్ల గుర్రం ఉంది, ఏరు ఉంది. అందుకే ఆయన్ను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు మనసు రాదు.

ఆ రోజు ఆయనకు తగిలిన గాయాలు మానలేదు. మరుసటి ఏడు మంచం పట్టినప్పుడు ఆయన రాజుగారికి ఒకే మాట చెప్పాడట: “నాకు ముందుకు ఉరకడమే తెలుసు దొరా. నా తర్వాత గిడ్డప్పకు ఇయ్యండి. వానికి ఎనక్కి రావడం గూడా తెలుసు.”

గిడ్డప్పను చూస్తే ఎవరికీ దళవాయి అనిపించేది కాదు. పొట్టి మనిషి, కాస్త కుంటి నడక. మాట తక్కువ. దిగిన చోటల్లా ముందు బావిలో నీళ్లు రుచి చూసేవాడు, తర్వాత ఎద్దుల గిట్టలు ఎత్తి చూసేవాడు. అందరూ తిన్నాకే తన ఆకు తెచ్చుకుని నా ముందు కూర్చునేవాడు. సిపాయిలు చాటుగా ఆయన్ను “ఎద్దుల దళవాయి” అనేవాళ్లు. మనుషులకు తమను గుర్రం మీద నుంచి చూసేవాడే గొప్పవాడిగా కనిపిస్తాడు కాబోలు.

రెండేళ్లకు ఉత్తరం నుంచి ఇంకా పెద్ద సైన్యం వచ్చింది. ఎర్రమ నాయుడు గెలిచిన ఆ కుంటేరు రేవులోనే వాళ్లను ఆపాలని రాజుగారి ఆజ్ఞ. కానీ ఆ ఏడు వానల్లేవు. ఏరు ఎక్కడ చూసినా మోకాలి లోతే, శత్రువులు ఎక్కడైనా దాటొచ్చు. ఆ గట్టున డేరాలు కనుచూపు మేర పరచుకుని ఉన్నాయి. ఈ గట్టున మేం ఒక తిప్ప వెనక దిగాం. కోట నిలవదన్న భయంతో ఊళ్లోని ఆడవాళ్లు, పిల్లలు బండ్ల మీద మా వెనకే వచ్చేశారు.

గిడ్డప్ప ఏరంతా నడిచి చూసి వచ్చి, నా పక్కనే నిలబడి, “ఏనుగు కనుమ గుండా కొండల్లోకి పోతున్నాం. బండ్లు ముందు పోవాల” అన్నాడు.

ఎర్రమ నాయుడి తమ్ముడు రంగప్ప కత్తి మీద చెయ్యి వేశాడు. “మా అన్న ఉండుంటే పారిపోయేవాడు కాదు!”

“మీ అన్న ఉండుంటే నేనే ఆయన ఎనకాల ఏట్లోకి దూకుందును,” అన్నాడు గిడ్డప్ప. “ఆయన లేడు. ఇంతమందిని చంపి పేరు తెచ్చుకునేది నాకు చేతకాదు రంగప్పా. కనుమ దగ్గర నిలబడేదానికి నీ అంత గట్టోడు ఇంకోడు లేడు. నిలబడతావా?”

రంగప్ప కత్తి మీద నుంచి చెయ్యి తీశాడు. తర్వాత తల ఊపాడు.

గిడ్డప్ప సుంకులమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, అన్ని పొయ్యిలూ ముట్టీ. పచ్చి కట్టెలు ఎయ్యి. వంట చేస్తున్నామని వాళ్లు అనుకోవాల.”

తిప్ప మీదుగా పొగ దట్టంగా లేచింది. నాలో ఉత్త నీళ్లు మరుగుతున్నాయి. మేం భోజనాలకు సిద్ధమవుతున్నామనుకుని అవతలి వాళ్లు తామూ తీరిగ్గా కూర్చున్నారు. ఆ పొగ చాటున బండ్లు కదిలాయి. తర్వాత జబ్బుపడినవాళ్లు, ఆ తర్వాత సిపాయిలు. చివరిదాకా పొయ్యిల దగ్గర కట్టెలు ఎగదోస్తూ ఉన్నది గిడ్డప్పే. ఆఖరికి నాలో నీళ్లు ఒలకబోయించి, నన్ను కూడా ఒక బండి మీదకు ఎక్కించాడు.

శత్రువులు మోసం తెలుసుకుని వెంటపడేసరికి కనుమ ఇరుకులో రంగప్ప మనుషులు రాళ్లు దొర్లిస్తున్నారు. పొద్దు వాలేసరికి వాళ్లూ వచ్చి మమ్మల్ని కలిశారు. సుంకులమ్మ ఉన్న జొన్న పిండంతా నాలో పోసి సంగటి కెలికింది. తినేవాళ్లు వస్తూనే ఉన్నారు, పెట్టేకొద్దీ ఇంకా వస్తున్నారు. అందరికంటే ఆఖరున గిడ్డప్ప ఆకు పట్టుకుని వచ్చాడు.

“ఏమన్నా ఉందామ్మా?”

“అడుగంటింది గూడా గీకి పెట్టేసినా నాయనా. అందురూ వచ్చినారు గదా, చాల్లేదు.”

గిడ్డప్ప నాలోకి తొంగి చూసి పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వడం మేం అదే మొదటిసారి చూడటం. సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గండ్లకోట పోయింది. ఖజానా పోయింది. రాజుగారు కప్పం కట్టి కోట తిరిగి తెచ్చుకున్నారు, గిడ్డప్పను కొలువు నుంచి తీసేశారు. ఆయన తన పొలానికి వెళ్లిపోయాడు. అయితే రంగప్ప ఆ దారిన వెళ్లినప్పుడల్లా గుర్రం దిగి, ఆ పొలం దాటేదాకా నడిచి వెళ్లేవాడని సుంకులమ్మ చెబుతుండేది.

తర్వాత నేను చాలా చేతులు మారాను. కరువులో గంజి కాచాను. పెళ్లిళ్లలో పప్పు ఉడికించాను. చివరికి పాత సామాన్ల కొట్లో పడి ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఈ మ్యూజియంలో పెట్టించారు. నా కింద “రాజుగారి స్నానపు గంగాళం” అని రాశారు. పక్క గదిలో ఎర్రమ నాయుడి కత్తి ఉంది. దాని దగ్గర ఎప్పుడూ జనమే.

మొన్న ఇద్దరు మాజీ సైనికులు వచ్చారు, ఓబన్న, జిలానీ అని పిలుచుకుంటున్నారు. కత్తి చూసి వచ్చి నా ముందు బల్ల మీద కూర్చుని వాదులాట మొదలుపెట్టారు. ప్రపంచంలో అందరికంటే గొప్ప సేనాపతి ఎవరని. ఓబన్న అలెగ్జాండర్ అన్నాడు, నెపోలియన్ అన్నాడు, హన్నిబాల్‌కు రావలసినంత పేరు రాలేదన్నాడు. జిలానీ అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.

“మరి నీ లెక్కలో ఎవరప్పా?”

“మా మేజర్ కుట్టప్ప.”

“ఎవరాయన?”

“మంచు కొండ మీద చిక్కుకుంటే కాపలా చౌకీ ఇడిసిపెట్టి మమ్మల్నందర్నీ కిందికి దించినాడు. పైవాళ్లు తిట్టినారు. ప్రమోషన్ గూడా ఇయ్యలేదు.”

ఓబన్న నవ్వాడు. “ఏ పుస్తకంలో ఉండాడప్పా ఆయన?”

జిలానీ మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు.

“నేనుండా గదా,” అన్నాడు.