కదలని ముల్లు

పొద్దున ఏడు కొట్టేసరికి లారీల కాంటా ముందు బళ్లు బారులు తీరతాయి. మొదటి బండి ఇంకా ఇంజను ఆపకముందే కాంటా గదిలోని మనిషి ఒక పని ముగించుకోవాలి. ఆ గది మూలన మూటలు తూచే చిన్న కాంటా ఒకటుంది. చెప్పులు విప్పి, జేబులో తాళాలూ ఫోనూ తీసి, కళ్లజోడు కూడా బల్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి దాని మీదికి ఎక్కుతాడు. కళ్లజోడు తీసేశాడు గనక అంకె కనబడదు. దిగి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ ఎక్కుతాడు. ముల్లు తొంభై రెండు దగ్గర ఆగుతుంది. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. ముప్పై అయిదు రోజులుగా అది అక్కడే కాపురం పెట్టింది.

"ఏం బాబాయ్, తగ్గావా?" కిటికీలోంచి చీటీ అందిస్తూ అడిగాడు మొదటి లారీ డ్రైవరు.

"ఏదీ, కదిలితేగా."

"పోనీలే. ఏనుగు చిక్కినా ఏనుగే కదా," అని నవ్వి, చీటీ మీద ముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ డ్రైవరు చెడ్డవాడేమీ కాదు. ఎవరి బండి టైరు పంక్చరైనా తన బండి ఆపి దిగే రకం. కానీ మనలో చాలామందికి ఒక వింత అలవాటుంది. ఎదుటివాడి జీతం అడగాలంటే మొహమాటం, ఎదుటివాడి కాపురం సంగతి అడగాలంటే మొహమాటం. ఒంటి గురించి అడగడానికి మాత్రం ఏ మొహమాటమూ అడ్డు రాదు. లావైనవాడి పొట్ట ఊరుమ్మడి ఆస్తి. దాని మీద ఎవరైనా ఒక మాట విసరవచ్చు.

కాంటా బాబాయి అందానికి తగ్గాలనుకోలేదు. ఆయనకు ఒక అక్క ఉంది. బస్సు కండక్టరుగా ఇరవై ఆరేళ్లు పనిచేసింది. నోరు గట్టిది, మనసు మెత్తనిది. తల్లి పోయిన ఏడు నుంచి ఈ తమ్ముణ్ణి ఆమే పెంచింది. తన డ్యూటీ బస్సులో వెనక సీటులో కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపేది. ఆ అక్కకు రెండేళ్ల కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మెషినుకు అతుక్కుని పడుకుంటే గాని రక్తం శుభ్రపడదు. రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్లే తాగాలి, అంతకు మించితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే తమ్ముడి కిడ్నీ సరిపోతుందని తేలింది. ఆ రోజు ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. అయితే అప్పటికి ఆయన బరువు నూట మూడు. డాక్టరమ్మ కాగితం మీద ఒక అంకె రాసి దాని కింద గీత గీసింది. తొంభై లోపుకు వస్తేనే ఆపరేషను. అంతకు మించితే ఇచ్చేవాడి ప్రాణానికే ముప్పని చెప్పింది.

మొదటి రెండున్నర నెలలూ పని పరుగులు పెట్టింది. ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే ఆమె రాసిచ్చినట్టే తిన్నాడు. పళ్లెంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో, మిగతా పావు అన్నం. పొద్దునా సాయంత్రం గంటసేపు నడక. పదకొండు కిలోలు తగ్గాడు. ఆపరేషనుకు తేదీ కూడా అనుకున్నారు. దానికి ముందు ఆఖరి పరీక్షలకు ఒక రోజు ఇచ్చారు. ఇంకా రెండు కిలోలే కదా, నెలలో తగ్గవా అనుకున్నారు అందరూ.

అక్కడే ముల్లు ఆగింది. తిండి అదే, నడకా అదే, ముల్లు మాత్రం మొండికేసింది. బాబాయి రోజుకు ఒకసారి తూగేవాడు కాస్తా ఆరుసార్లు తూగడం మొదలుపెట్టాడు. కాంటా మీద అనుమానం వచ్చి దాన్ని సరిచేయించాడు. తర్వాత భార్య మీద అనుమానం వచ్చింది.

"నూనె ఎక్కువ పోస్తున్నావేమో?"

"చెంచాతో కొలిచి పోస్తున్నానండీ. మీరే పక్కన నిలబడి చూస్తున్నారుగా," అంది ఆమె.

ఇవన్నీ ఒక ఎత్తు. బావ తరఫు పెద్దమనిషి ఒకాయన ఫోనులో అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. "ఏమోనోయ్. ఆలస్యం అమృతం విషం అన్నారు. నెల రోజుల్లో రెండు కిలోలు తగ్గలేకపోవడమేమిటి? తగ్గడం ఇష్టం లేదో, కిడ్నీ ఇవ్వడమే ఇష్టం లేదో అని మా వాళ్లు అనుకుంటున్నారు. నా మాటగా కాదులే."

నా మాటగా కాదులే అనేవాళ్లు అన్నది ఎప్పుడూ వాళ్ల మాటే. ఆ మాట బాబాయి గుండెలో ములుకులా దిగింది. తన కోసం ఎండలో బస్సు ఆపి, ప్రయాణికుల చేత తిట్లు తిన్న అక్క. ఆమెకు ఇవ్వడం ఇష్టం లేదట! ఆ కోపంలో, ఆ అవమానంలో ఆయన ఒక పని చేశాడు. ఆ పని కాంటా దగ్గర బతికినవాడు తప్ప ఇంకొకడు చేయడు.

లారీల వాళ్లలో కొందరికి ఒక కిటుకు తెలుసు. సరుకుతో నిండిన బండిని తూచేటప్పుడు క్యాబిన్‌లో నీళ్ల డ్రమ్ములు దాచుతారు. సరుకు దించాక ఖాళీ బండిని తూచే ముందు ఆ నీళ్లు పారబోస్తారు. నీళ్ల బరువు కూడా సరుకు లెక్కలో కలిసిపోతుంది. ఇరవై రెండేళ్లలో బాబాయి అలాంటి బళ్లను ఎన్ని పట్టుకున్నాడో లెక్కలేదు. "నా దగ్గరా మీ వేషాలు?" అని డ్రమ్ములు దింపించి మళ్లీ తూచేవాడు. ఇప్పుడు ఆఖరి పరీక్షలకు మూడు రోజులుందనగా ఆయన తన ఒంటినే బండి అనుకున్నాడు. నీళ్లు దించేస్తే అంకె దిగుతుంది. డాక్టరమ్మకు కావలసింది అంకే కదా.

మొదటి రోజు ఒక పూట భోజనం మానేశాడు. రెండో రోజు నుంచి నీళ్లు కూడా మానేసి, పెదవులు తడుపుకుంటూ గడిపాడు. రేకుల కప్పున్న ఆ గదిలో మిట్టమధ్యాహ్నం చలికోటు తొడుక్కుని కూర్చున్నాడు. భార్య అడిగితే పని దగ్గరే తిన్నానన్నాడు. తల తిరిగింది, నాలుక పిడచకట్టుకుపోయింది. అక్క రోజూ పడే బాధ ఇదే కదా, మూడు రోజులు నేను పడలేనా అనుకున్నాడు. ప్రేమకు తొందర తోడైతే మనిషి ఎంత తెలివితక్కువ పనికైనా సిద్ధపడతాడు.

ఆసుపత్రి కాంటా మీద అంకె ఎనభై తొమ్మిది పాయింట్ మూడు చూపించింది. నర్సు రాసుకుంటూ "భలే తగ్గారే" అంది. ఆయనకు కళ్లనీళ్లు తిరగాల్సిందే, తిరగడానికి ఒంట్లో నీళ్లు లేవు.

రెండు గంటల తర్వాత డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని పిలిచింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"నిన్న ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు?"

"మామూలుగానే తాగానమ్మా."

"మీ క్రియాటినిన్ పెరిగింది. అంటే మీ కిడ్నీలు రక్తంలో మలినాన్ని సరిగా వడకట్టడం లేదు. పోయిన నెల శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ అడుగుతున్నాను. ఎన్ని గ్లాసులు?"

బాబాయి తల దించుకున్నాడు. దాచి లాభం లేదని మూడు రోజుల కథా చెప్పేశాడు. ఆమె అంతా విని, బల్ల మీది క్యాలెండర్లో గుండ్రంగా గీసిన తేదీని కొట్టేసింది.

"వద్దమ్మా. తేదీ మార్చకండి. బరువు తగ్గింది కదా," అన్నాడు.

"మీ అక్కకు కావలసింది మీ బరువు కాదు, మీ కిడ్నీ. దాన్నే ఎండబెట్టి తెచ్చారు మీరు. అదృష్టం బాగుంటే నీళ్లు పడగానే తేరుకుంటుంది. అది తేలాలి, మీ బరువు నిజంగా తగ్గాలి. అంతవరకు నేను కత్తి పట్టను." కాస్త ఆగి, మెత్తబడి చెప్పింది. "పదకొండు కిలోలు తగ్గాక ఒళ్లు చిన్నదైంది. చిన్న ఒంటికి తక్కువ తిండే సరిపోతుంది కాబట్టి ముందున్నంత వేగం ఉండదు. ఒక్కోసారి లోపల కొవ్వు కరుగుతున్నా ఒళ్లు నీరు పట్టి అంకె కదలదు. చాలామందికి వారాల తరబడి ఇలాగే ఉంటుంది. ఆగినప్పుడు నా దగ్గరికి వచ్చి అడగాలి. పస్తులుండకూడదు."

సెలైను ఎక్కించుకుని, సాయంత్రానికి కింది అంతస్తులో అక్క ఉన్న వార్డుకు వెళ్లాడు. ఆమె చేతికి గొట్టాలతో పడక కుర్చీలో ఉంది. అసలు సంగతి చెప్పడానికి ఆయనకు పావుగంట పట్టింది. అంతా విన్నాక అక్క తమ్ముడి ఎండిన పెదవుల వైపు చూసింది.

"నీళ్లు మానేశావా?" అంది. "ఒరేయ్, గ్లాసుడు నీళ్ల కోసం నేను గడియారం చూసుకుంటూ బతుకుతున్నాను. ఎదురుగా కుళాయి ఉండి, తాగొద్దనేవాడు లేక, నువ్వు మానేశావా?"

"నీ కోసమేనక్కా. నాకు ఇవ్వడం ఇష్టం లేదని అంటున్నారు."

"అననీ. బస్సులో ఇరవై ఆరేళ్లు ఎన్ని మాటలు పడ్డానో నీకు తెలియదా? అన్నవాడు దిగిపోతాడు, బండి నడపాల్సింది మనం." ఆమె రెండో చేత్తో వార్డు మూలనున్న కాంటా వైపు చూపించింది. "నన్ను చూడు. ఈ కుర్చీ ఎక్కేటప్పుడు అరవై ఒకటిన్నర. దిగేటప్పుడు యాభై తొమ్మిది. వారానికి మూడుసార్లు రెండున్నర కిలోలు తగ్గుతున్నాను, మరి సన్నబడ్డానా? నీళ్లు పోతే అంకె మారుతుంది, మనిషి మారడు. లారీలు తూచేవాడివి, నీకు నేను చెప్పాలా?"

బాబాయి ఆమె కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె తల నిమిరింది.

"నేను ఆగుతానురా. ఈ మెషినుతో ఇంకో మూణ్ణెల్లు ఆగడం నాకు చేతనవును. నువ్వూ మంచాన పడ్డావనుకో, అది మాత్రం నా వల్ల కాదు."

నీళ్లు పడ్డ రెండు రోజులకే ముల్లు మళ్లీ తొంభై రెండు దాటింది. పది రోజులకు రక్తపరీక్ష మామూలుకు వచ్చింది. ఆహారం చూసే ఆమె పళ్లెంలో చిన్న మార్పులు చేసి, నడకకు తోడు కాస్త బరువులెత్తే వ్యాయామం చేర్చింది. వారానికి ఒక్కసారే తూగాలని షరతు పెట్టింది. మొదటి వారం కదలలేదు. రెండో వారం కదలలేదు. మూడో వారం రెండు వందల గ్రాములు పెరిగింది. ఆ రోజు బాబాయి మొహం మాడ్చుకునే పని చేశాడు. అయితే లారీ టైర్లు కాంటా పలక మీదే ఉన్నాయో లేదో చూడటానికి ఆ మధ్యాహ్నం వంగినప్పుడు, మోకాలి మీద చెయ్యి వేయకుండా లేచిన సంగతి ఆయనకే తర్వాత తట్టింది.

అయిదో వారంలో అక్కకు జ్వరమొచ్చింది. ఊపిరాడక నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ మొదటి సాయంత్రం ఇంటికొచ్చిన బాబాయి ముందు భార్య పళ్లెం పెట్టింది. ఆయన దాన్ని పక్కకు నెట్టాడు. ఒక్క వారం, ఒక్క వారం గట్టిగా కడుపు మాడ్చుకుంటే చాలుననే పాత పిచ్చి మళ్లీ తలెత్తింది.

"వదినకు మీ కిడ్నీ ప్రాణంతో కావాలండీ," అంది భార్య నెమ్మదిగా.

ఆయన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు దిగకపోయినా రాసిచ్చినదంతా తిన్నాడు, ఏడుస్తూనే తిన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని గంటసేపు నడిచి వచ్చాడు. ఆ మూడు నెలల్లో ఆయన చేసిన పనులన్నింటిలోనూ కష్టమైనది అదే. దాన్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆరో వారం అరకిలో తగ్గింది. తర్వాత రెండు వారాలు ఏమీ లేదు. ఆ తర్వాత మూడు వందల గ్రాములు. అలా నత్తనడకన పద్నాలుగో వారానికి అంకె ఎనభై తొమ్మిది పాయింట్ ఆరుకు వచ్చింది. రక్తపరీక్షలో ఏ మచ్చా లేదు. డాక్టరమ్మ క్యాలెండర్లో కొత్త తేదీ చుట్టూ గీత గీసింది.

ఆపరేషనుకు ముందు రోజు అక్కనూ తమ్ముణ్ణీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. పలకరించడానికి వచ్చినవాళ్లలో బావ తరఫు పెద్దమనిషి కూడా ఉన్నాడు. బాబాయి భుజం తట్టి, "చూశావా, మనసు పెడితే తగ్గింది. ఆ మనసేదో అప్పుడే పెట్టి ఉంటే ఆమెకు ఇన్నాళ్ల యాతన తప్పేది కదా," అన్నాడు.

బాబాయి నవ్వి ఊరుకున్నాడు. అక్క ఊరుకోలేదు. దిండు సవరించుకుని లేచి కూర్చుంది.

"అన్నయ్యగారూ, మా వాడు మొదటి రోజు నుంచీ మనసు పెట్టే ఉన్నాడు. ముల్లు కదలని రోజుల్లో కూడా నడిచాడు, కొలిచి తిన్నాడు, మీ అందరి మాటలూ పడ్డాడు. మీరు అంకె చూశారు, వాణ్ణి చూడలేదు. ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాంటి మనిషి కనబడితే తగ్గావా అని అడగకండి, ఇవాళ నడిచావా, భోజనం చేశావా అని అడగండి. కనబడనంత మాత్రాన పని జరగడం లేదని కాదు. ఆ రోజుల్లో తగ్గాలనుకునేవాడికి ఓపిక కావాలి, పక్కనున్నవాళ్లకు అంతకు రెట్టింపు ఓపిక కావాలి."