ప్లగ్గు పీకిన ఆదివారం

కుక్కర్‌కు ఎన్ని విజిళ్లు రానివ్వాలని కూతురు అక్షిత ఫోన్ చేసేసరికి, సుస్మిత చెయ్యి ప్లగ్గు మీద ఉంది.

జగిత్యాలలో ఓ ప్రైవేటు ఆస్పత్రి. అక్కడి కంప్యూటర్లకు, బయటి ఇంటర్నెట్టుకు మధ్య కావలి కాసే ఫైర్‌వాల్ పెట్టె పోయిన నెల చచ్చి ఊరుకుంటే, రిపోర్టులు రాక రోగులు మూడు గంటలు పడిగాపులు పడ్డారు. అందుకే నెట్‌వర్క్ పని చూసే సుస్మిత పక్కనే రెండోది పెట్టించింది. మొదటిదానిలో ఏమేం ఉన్నాయో అవన్నీ పొల్లుపోకుండా రెండోదానిలోకి ఎక్కించింది. ఒకటి పడిపోతే ఇంకొకటి అందుకోవాలి. అందుకుంటుందో లేదో పీకి చూస్తేగాని తెలియదు. అందుకు ఆదివారం పది నుంచి పదకొండు దాకా ఒక్క గంట ఇచ్చారు. "మేడమ్, మగోళ్లనెవరినన్న పిలిపియ్యాల్నా?" అని మేనేజర్ పొద్దున్నే ఓ మాట విసిరిపోయాడు.

"నువ్వింకా ఇంట్లనే ఉన్నవా?" అంది కూతురితో. ఇవాళ పిల్లకు గురుకుల ప్రవేశ పరీక్ష. ఇల్లున్న కోరుట్లలోనే సెంటరు. పదిన్నరకు గేటు మూసేస్తారు. ఇప్పుడు పదీ ఐదు.

"మామ అచ్చిండమ్మా, దుబాయి నుంచి. డాడి మటన్ తెచ్చిండు. వండినంక పోదామన్నడు."

సుస్మితకు కోపం కన్నా ముందు సిగ్గేసింది. "నువ్వు డ్యూటీకి పో, బిడ్డ ఉన్నది కదా" అని మొగుడు మహిపాల్ అన్నప్పుడల్లా మురిసిపోయింది తనే కదా! పదకొండేళ్ల పిల్లకు బియ్యం కొలత, ఉప్పు అందాజు, గ్యాస్ కట్టెయ్యడం, నాయనమ్మ మందుల వేళలు ఒక్కొక్కటే నేర్పిందెవరు? తను పడిపోతే అందుకోవాలనే నేర్పింది. పదమూడేళ్ల కాపురంలో మొగుడికి మాత్రం ఒక్క విజిల్ లెక్క చెప్పిన పాపాన పోలేదు.

"స్టవ్ బంద్ చెయ్యి బిడ్డా. హాల్ టికెట్ పట్టుకొని బండి కాడ నిలబడు. ఫోన్ డాడికియ్యి."

గింతదానికి లొల్లేందన్నాడు మహిపాల్. పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునుగవన్నాడు. బావ ముందు ఇజ్జత్ తీస్తున్నవన్నాడు. ఆమె అంతా విన్నది.

"పదిన్నరకు గేటు మూస్తరు. పిల్లను దించిరా."

"మరి వంటెవలు చెయ్యాలె?"

"నేను లేను. బిడ్డ లేదు. ఇగ ఉన్నది నువ్వే."

ఫోన్ పెట్టేసి ప్లగ్గు పీకింది. మొదటి పెట్టె లైట్లు ఆరిపోయాయి. రెండోదాని వైపు చూసింది. రెండు క్షణాలు. అది అందుకుంది. రిసెప్షన్‌లో బిల్లు ఆగలేదు, ల్యాబు రిపోర్టు ఆగలేదు. మేనేజర్ తొంగిచూసి "అయిపోయిందా?" అన్నాడు, అంతే. ఆమె ప్రాణం మాత్రం కోరుట్లలో ఆ గేటు దగ్గరే ఉంది.

పదీ నలభైకి ఫోన్ మోగింది. మొదటి రింగుకే తీసింది.

"దించిన. రెండు నిమిషాలుండంగ లోపలికి పోయింది" అన్నాడు మహిపాల్. వెనకాల మూకుడులో ఏదో చిటపటలాడుతోంది. గొంతు తగ్గించి అడిగాడు. "గా కారప్పొడి డబ్బ యాడ పెట్టినవే?"

పై అరలో, ఎడమ పక్కన, పసుపు డబ్బా వెనక. నాలుక చివరిదాకా వచ్చింది.

"దేవులాడు" అంది సుస్మిత.