వదిన బిగించిన ఇల్లు

కదలని వస్తువు కనబడితే ఆర్కిటెక్టుకి ఒళ్ళుమంట. మంచం జీవితాంతం మంచంలాగే పడి ఉండటం, గోడ పుట్టినచోటే చచ్చేదాకా నిలబడటం ఆవిడ దృష్టిలో వట్టి బద్ధకం. సొంత ఫ్లాట్‌లో సామాన్లు వారానికోసారి ఇటువి అటు, అటువి ఇటు జరుపుతుంది. భర్త ఒకసారి ఆఫీసు నుంచి వచ్చి, సోఫా ఉందనుకుని కూర్చోబోయి నేలమీద కూర్చున్నాడు. లేచి, బట్టలు దులుపుకుని, "బాగుంది" అన్నాడు. ఏళ్ళ తరబడి కాపురం చేస్తే మనిషికి ఆ మాత్రం లౌక్యం అబ్బుతుంది.

అలాంటి ఆవిడకి వదిన కోసం ఇల్లు కట్టే యోగం పట్టింది. అన్నయ్య పోయాక వదిన ఒక్కతే మిగిలింది. మోకాళ్ళు అరిగిపోయి పాత ఇంటి మెట్లెక్కడం కష్టమైంది. "మా ఇంటికి వచ్చెయ్ వదినా" అని ఆర్కిటెక్టు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వదిన ప్రతిసారీ మాట దాటేసింది. చివరికి, అగ్గిపెట్టెంత ఇల్లయినా సరే విడిగానే ఉంటానని తేల్చి చెప్పింది. ఆర్కిటెక్టు ఒక షరతు మీద దిగొచ్చింది. ఒంటరిగా నెట్టుకురాలేకపోతోందని తెలిసిన రోజున వదిన మారుమాట్లాడకుండా పెట్టె సర్దుకుని తన వెంట రావాలి. వదిన సరేనంది.

అలా గదిన్నర ఇల్లు లేచింది. గడప లేదు, రేపు చక్రాల కుర్చీ వచ్చినా సాఫీగా దొర్లిపోతుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. స్నానం చేసిన నీళ్ళు పెరట్లో మొక్కలకి పోతాయి. పగలు దీపంతో పనిలేదు. ఇవన్నీ ఒక ఎత్తు, మధ్య గోడ ఒక ఎత్తు. అది పట్టాల మీద నడుస్తుంది, ఒక్క వేలితో తోస్తే పడగ్గది పెద్దదవుతుంది. మంచం గోడలోకి పోతుంది, బల్ల గోడలోంచి దిగుతుంది, మీట నొక్కితే అలమరా అరలు చేతికందేటట్టు కిందికొస్తాయి. మనిషి మారేకొద్దీ ఇల్లూ మారాలన్నది ఆర్కిటెక్టు సిద్ధాంతం. ప్లాను గీయడానికి ముందు వదినని కూర్చోబెట్టి ఒక పూటంతా ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. అన్నీ మోకాళ్ళ గురించే. వదిన అన్నిటికీ నిజమే చెప్పింది.

ఇలాంటివి ఇంకో వంద కట్టించవచ్చా అని చూడటానికి గృహనిర్మాణ శాఖ అధికారి ఒకాయన, ఆయన వెంట ఒక ఇంజనీరు వచ్చారు. ఆర్కిటెక్టు ముందుండి నడిపించింది. వదిన గుమ్మంలో ఎదురొచ్చి, "చెప్పులు బయటే, ఎడంపక్క గోడకి ఆనించి పెట్టండి" అంది. పెట్టారు.

"ఇప్పుడు చూడండి" అని ఆర్కిటెక్టు గోడమీద ఒక వేలు పెట్టింది. గోడ కదల్లేదు. చెయ్యి వేసింది. భుజం వేసింది. ఇంజనీరు కూడా వచ్చి తనవంతు భుజం వేశాడు. గోడ కిక్కురుమనలేదు. ఇంజనీరు వంగి పట్టాల వైపు చూసి, "మేడం, స్క్రూలు బిగించేశారండీ" అన్నాడు. మంచం చూశారు, దానికీ స్క్రూలే. అలమరా మీటని తాడుతో గట్టిగా కట్టేసి ఉంది.

ఆర్కిటెక్టు మొహం మాడిపోయింది. "ఏంటి వదినా ఇది?"

"కదులుతున్నాయమ్మాయ్."

"కదలడానికేగా పెట్టింది!"

"అందుకే బిగించాను. కార్పెంటర్ని పిలిపించి దగ్గరుండి చేయించాను. మంచి పనివాడు."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "అంటే, ఉండేవాళ్ళకి తగ్గట్టు ఇల్లు మారట్లేదన్నమాట."

"మార్చుకున్నానుగా" అని వదిన మంచినీళ్ళు తేవడానికి వంటింటి మూలకి వెళ్ళింది.

గోడలోని బల్ల ఒక్కటి మాత్రం బిగించలేదు. మునిగిపోతున్న పరువుని పైకి లాగినట్టు ఆర్కిటెక్టు దాన్ని కిందికి లాగింది. అది దిగుతుండగానే అధికారి మొదలుపెట్టి, ఇలాంటిది తన ఇంట్లోనూ పెట్టించాలని పెద్ద గొంతుతో చెప్పుకుంటూ పోతున్నాడు. వదిన గ్లాసులున్న పళ్ళెంతో తిన్నగా వస్తోంది. ఎదురుగా ఉన్న బల్లకేసి చూడదేమిటని ఆర్కిటెక్టు అనుకునేలోపే బల్ల అంచు వదిన తొడకి తగిలింది. పళ్ళెం ఎగిరింది, అధికారి సాక్సులు తడిశాయి.

వదిన కుర్చీ కోసం చెయ్యి చాచింది. అది ఎక్కడుండాలో అక్కడే ఉంది. కూర్చుని, తొడ రుద్దుకుంటూ, ఎవరూ లేనివైపు తిరిగి, "దెబ్బేమీ తగల్లేదండీ" అంది.

ఆర్కిటెక్టు వంగి వదిన కళ్ళలోకి చూసింది. "ఎప్పట్నుంచి?"

"ఇల్లు కట్టకముందే మొదలైంది. ఇప్పుడు మనుషులు నీడల్లా తెలుస్తారు, అంతే. డాక్టరు ఇంక చేసేదేం లేదన్నాడు."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు మోకాళ్ళ గురించే అడిగావు."

ఆర్కిటెక్టుకి కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రెండూ కలిపి, "పెట్టె సర్దు. మాటిచ్చావుగా" అంది.

"ఇచ్చాను. సర్దుతాను" అంది వదిన. చేతులు మాత్రం కుర్చీని వదల్లేదు. "వచ్చేముందు ఒక్కటి చెప్పు. మీ ఇంట్లో ఇవాళ మంచం ఎటువైపుంది?"

ఆర్కిటెక్టు దాన్ని పొద్దున్నే జరిపింది, ఎటు జరిపిందో వెంటనే గుర్తురాలేదు.

"అక్కడికొస్తే నేను గుడ్డిదాన్నే అమ్మాయ్. ఇక్కడ కాదు. ఇక్కడ వండుకుంటున్నాను, ఉతుక్కుంటున్నాను, మొక్కలకి పాదులు చేసుకుంటున్నాను. ఆదివారం ఆదివారం వస్తున్నావు, ఎప్పుడైనా నీకు తెలిసిందా?"

తెలియలేదు. వచ్చిన ప్రతిసారీ ఆర్కిటెక్టు గోడ గురించి వదినకి గంటసేపు చెప్పేది గానీ, ఒక్కసారి కూడా తోసి చూడలేదు.

అధికారి తడిసిన సాక్సులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మరి మేడం, ఆ వంద ఇళ్ళ సంగతి..."

"కట్టండి. గోడలు పట్టాల మీదే పెట్టండి" అంది ఆర్కిటెక్టు కళ్ళు తుడుచుకుంటూ. "తాళంచెవితోపాటు స్క్రూలూ ఇవ్వండి. కదపాలో బిగించాలో ఉండేవాళ్ళు చూసుకుంటారు. మా వదిన ఇక్కడే ఉంటుంది."

వదిన కుర్చీని వదిలింది.

వాళ్ళు వెళ్ళాక ఆర్కిటెక్టు గాజుముక్కలు ఏరి, నేల రెండుసార్లు తుడిచి, బల్లని ఎత్తి గోడలోకి నెట్టింది. "అన్నీ బిగించావు, దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేశావు వదినా?"

"దించితే టక్కుమంటుంది, తెలిసిపోతుంది. ఇవాళ ఆయన గొంతులో వినపడలేదు."

"అది కాదు. ఎందుకు వదిలావు?"

"నీ కోసమే. వచ్చి దాన్ని దించుకుని, దాని గొప్ప చెప్పుకుంటూ భోంచేస్తావు. అదీ బిగించేస్తే పాపం నీకేం మిగులుతుంది?"

ఆర్కిటెక్టు బల్లని ఇంకోసారి గోడలోకి నొక్కింది.

"ఆ కార్పెంటర్ని రమ్మను" అంది.

"ఎందుకు?"

"ఈ ఆదివారం నుంచి నేను ఒళ్ళో కంచం పెట్టుకుని తింటాను."