జులేమా వెళ్ళాల్సిన రోజు

మమ్మల్ని వదిలి వెళ్ళలేకే జులేమా ఆ రోజు నాట్యం చేసిందని మా ఊళ్ళో ఇప్పటికీ మురిసిపోతారు. నేను మాట్లాడను. మాట్లాడే ముఖం నాకు లేదు.

జులేమా మా జూలోని ఏనుగు. సర్కస్‌వాళ్ళు దివాలా తీసి దాన్ని పరానా నది ఒడ్డున వదిలేసి పోతే, మా మున్సిపాలిటీ తెచ్చి సిమెంటు ఆవరణలో పెట్టింది. ఇరవై ఏడేళ్ళు ఆ సిమెంటు మీదే నిలబడింది. గోళ్ళు పగిలి చీము పట్టేవి. పొద్దున్నే ఒక్కో కాలూ ఉప్పునీళ్ళ తొట్టిలో పెట్టించి, కుళ్ళిన మేర ఆకురాయితో అరగదీయడం నా పని. నొప్పెడితే తొండం నా భుజాన ఆనించేది గానీ, ఏనాడూ నన్ను తోసెయ్యలేదు.

కిందటేడు బ్రెజిల్ నుంచి ఇవోనే అనే డాక్టరమ్మ వచ్చింది. అక్కడ ముసలి ఏనుగుల కోసం మట్టినేల, చెట్లు, చెరువు ఉన్న చోటు ఒకటుంది. జులేమా పాదాలు చూసి ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇంకో చలికాలం ఇక్కడే ఉంటే ఇది బతకదు, ఒలెగారియో. ఆరు రోజుల ప్రయాణం, పెట్టెలో నిలబడే రావాలి. మత్తుమందు ఇచ్చి ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. తనంతట తాను ఎక్కేలా నేర్పగలవా?"

"నేర్పుతానమ్మా. మా ఆవిడ వినదుగానీ, నా మాట ఇది వింటుంది."

ఎనిమిది నెలలు పట్టింది. ఇనప పెట్టె తెచ్చి పెడితే మొదటి నెల దాని దరిదాపులకే రాలేదు. నేనే లోపల కూర్చుని గొట్టంతో మాతే ఆకుల తేనీరు పీలుస్తూ, గుమ్మడికాయ ముక్కలు రోజుకో జానెడు లోపలికి జరుపుతూ పోయాను. చివరికి నాలుగు కాళ్ళూ లోపల పెట్టి, తలుపు మూసినా నింపాదిగా నమలడం నేర్చింది. ఆ రోజు నేను ఇంటికి పోయి ఏడ్చాను.

మా ఊళ్ళో బాండు లేకుండా ఎవరినీ సాగనంపరు. పాదిరిగారికి బదిలీ అయినా, ఎవరి శవం లేచినా బాండు ఉండాల్సిందే. జులేమా ప్రయాణానికి ముందురోజు బాండు మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు; ఆయన పేరు దాన్ అనిసెతో.

"ఏరా ఒలెగా, మీ దొరసానికి ఏం వాయించమంటావ్? శవాలకు వాయించేది అడక్కు, దానికి వేరే చొక్కాలున్నాయి."

నా ఏడో ఏట అమ్మమ్మ నన్ను సర్కస్‌కు తీసుకెళ్ళింది. నీలం కుచ్చుల టోపీతో జులేమా వెనక కాళ్ళ మీద లేచి నిలబడటం అక్కడే చూశాను. అప్పుడు మోగిన పాట ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది. ఈలవేసి వినిపించాను.

"ఓరి నీ దుంపతెగ! అదా? ఊరంతా ఏడ్చేలా వాయిస్తా చూడు."

డాక్టరమ్మను ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు. దాని చెవుల వెనక అంకుశం గుంటలు రోజూ నా చేత్తో కడిగినవాణ్ణి. అవి ఏ పాట నేర్పుతూ పడ్డాయో ఒక్కనాడూ ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున కంచె చుట్టూ ఊరు ఊరంతా మూగింది. నేను పెట్టెలో కూర్చుని పిలిచాను. జులేమా ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టి, మూడోది ఎత్తింది. అప్పుడు బాండు మొదలైంది.

నమలడం ఆగిపోయింది. నోట్లో ముక్క జారి కింద పడింది. మెల్లిగా వెనక్కి నడిచి, జనం వైపు తిరిగి కుడికాలు ఎత్తింది. తర్వాత ఎడమది. వెనక కాళ్ళ వెంట ఉచ్చ కారిపోతోంది.

"ఆపండ్రా! ఆపండి!" అని అరిచాను. డప్పుల హోరులో నా గొంతు ఎవరికి వినబడుతుంది! జనం చప్పట్లు కొడుతున్నారు. జులేమా వెనక కాళ్ళ మీద లేవబోయింది. మోకాలు మడతపడి, సిమెంటు మీద పక్కకు కూలింది. ఆ తర్వాత కూడా కాసేపు చప్పట్లు వినబడ్డాయి.

సాయంత్రానికి క్రేనుతో లేపారు. బతికింది. కానీ ఆ మోకాలితో ఆరు రోజులు నిలబడలేదని డాక్టరమ్మ తేల్చేసింది. పెట్టెను ఇంకో ఊరి ఏనుగు కోసం ఎక్కించుకుని పోతూ, ఒక్కటే అడిగింది.

"ఆ పాట ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"తెలీదమ్మా. వాళ్ళే అనుకున్నారేమో," అన్నాను.

మేయరుగారు కంచెకు బోర్డు పెట్టించారు: 'మన ఊరిని వదలనన్న జులేమా'. దాన్ని చదివినవాళ్ళంతా ఆ పాట ఈలవేస్తారు. వద్దని ఎంతమందితో గొడవపడను? నిన్న ఒక పెద్దావిడ వేసింది. కుంటికాలి మీద వణుకుతూనే జులేమా ముందుకాలు ఎత్తింది.

"చూశావా నాయనా, ఇంకా మర్చిపోలేదు! నీ మాట బాగా వింటుందటగా, నువ్వూ ఒకసారి వెయ్యి."

"వింటుందమ్మా," అని, ఉప్పునీళ్ళ తొట్టి ఎత్తుకుని లోపలికి పోయాను. జులేమా పాదం తొట్టిలో పెట్టి, ఎప్పటిలాగే తొండం నా భుజం మీద ఆనించింది.