సగం పుణ్యం

కామారెడ్డిలో యాత్ర బస్సు ఎక్కిన నాటి నుంచే తార ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది. తప్పు బస్సుది కాదు, పక్క సీట్లో కూర్చున్న మొగుడిది.

భూమేశ్‌కు ఎల్లారెడ్డిలో కిరాణా దుకాణం. ఉల్లిగడ్డ కుళ్ళితే కుళ్ళినంత మేర కోసేసి మిగతాది ఇంటికి పంపే మనిషి, ఎంగిలి చేత్తో కాకిని తోలడు. అలాంటివాడు కేదారానికి బయల్దేరాడంటే ఊరు ముక్కున వేలేసుకుంది. నిజానికి బస్సు టికెట్లు తీసింది తార చుట్టిన బీడీలు. ఆమె తల్లి సాలవ్వ కూడా జన్మంతా బీడీలే చుట్టి, పోయే ముందు బిడ్డ చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "బతికుండంగ నన్ను మంజీర ఏరు దాటనియ్యలే ఎవ్వలు. నా బొక్కలన్న కేదారంల కలుపు బిడ్డా." ఆ అస్థికలు ఇప్పుడు ఎర్రగుడ్డ మూటలో తార ఒడిలో ఉన్నాయి.

అన్నిటికంటే చవక బస్సు ఏదో వెతికి మరీ ఎక్కించాడు భూమేశ్. సీట్ల కింద బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు. ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడే పొయ్యి. పప్పులో పురుగులు తేలేవి. అదంతా తార ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది మొగుడినే. పక్కవాళ్ళ విస్తళ్ళలో మిగిలిన పూరీలు ఏరి తువ్వాలలో మూట కట్టేవాడు. అవి పాచిపోయి వాసన కొడుతుంటే నములుతూ, "తింటవా?" అని ఆమె నోటి దగ్గరికి తెచ్చేవాడు. హరిద్వారం సత్రంలో ఉత్తపుణ్యానికి పెడుతున్నారని బంతి మార్చి బంతి కూర్చుని మెక్కి, బస్సు కదలగానే కిటికీలోంచి కక్కాడు. అదంతా గాలికి వెనక్కి కొట్టి వెనక సీట్లోని తాడ్వాయి ఊరి భూదవ్వ చీర మీద పడింది. ఆ ముసలామె చీర కడుక్కుంటుంటే, "గంగ నీళ్ళే గదా అవ్వా, నీకు పున్నెమే" అన్నాడు. తారకు తల కొట్టేసినట్టయింది. ఛీ, ఈ మనిషితోనా ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్నది!

గౌరీకుండం దగ్గర బస్సు ఆగింది. అక్కడి నుంచి దారి కొండ మీదికే. ఎటు చూసినా నల్లటి బండలు, వాటి పైన మంచు, కింద హోరుమంటున్న మందాకిని. భూమేశ్ అప్పటికే తన కోసం గుర్రం మాట్లాడుకొచ్చాడు.

"సామాన్లు చూస్తందుకు ఒకలుండాలె. నువ్వుండు," అన్నాడు. "మొగడు చేసిన పున్నెంల పెండ్లానికి సగం వస్తదని పెద్దలే అన్నరు. ఇద్దరు పోవుడెందుకు, దండుగ!"

"మరి మా అవ్వ?"

"పైనుంచి వస్తున్న నీళ్ళే గదా ఇవి? ఈడ్నే కలుపు. ఆడ కలిపినా మల్ల ఈడికే కొట్టుకొస్తయి."

ఆ లెక్క తనకే ముచ్చటేసినట్టుంది, నవ్వుకుంటూ గుర్రమెక్కాడు. ఆయన వీపు వంక చూస్తుంటే తారకు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. తుపుక్కున ఉమ్మేసింది.

బస్సు అద్దం తుడుస్తున్న డ్రైవరు జిలానీ అంతా విన్నాడు. "సామాన్లకు నేనున్న చెల్లె. నువ్వు అవ్వను తీస్కపో," అన్నాడు. భూదవ్వ తన చేతికర్ర ముందుకు చాచింది. "నడువు బిడ్డా. గుర్రాలకు పైసల్లేవు గని, కాళ్ళయితే ఉన్నయి గదా."

దారంతా గుర్రాల పేడ, సన్నటి వాన, కాలు పెడితే జర్రున జారే బురద. పైకి పోయేకొద్దీ ఊపిరి అందలేదు. కర్ర ఒకటి, మనుషులు ఇద్దరు. ఒకరు ఆగితే ఒకరు పట్టుకున్నారు. గుడి కనిపించగానే తార నేరుగా ఏటి ఒడ్డుకు పోయి, మూట విప్పి తల్లిని నీళ్ళలో వదిలింది. ఆ చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

వెనక నుంచి రగ్గు కప్పుకుని భూమేశ్ వచ్చాడు. "సామాన్లెవరు చూస్తున్నరే?" అన్నాడు.

తార ఖాళీ ఎర్రగుడ్డ మడిచి నడుములో దోపుకుని, భూదవ్వతో కలిసి కిందికి నడిచింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కాశీలో ఆగింది. కాశీకి పోయినవాళ్ళు తమకిష్టమైనదొకటి గంగలో వదిలేయాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. స్నానాలయ్యాక తెలుగు పంతులు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. భూదవ్వ కళ్ళు మూసుకుని తంబాకు నమలడం వదిలేసింది. ముసలిదానికి అది ప్రాణం.

"ఆపిల్ పండు ఇడిచిన," అన్నాడు భూమేశ్ గట్టిగా. బస్సోళ్ళంతా గొల్లున నవ్వారు. తారకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు డాక్టరు చెప్పినా ఆయన కొనని పండు అది.

తార వంతు వచ్చింది.

"ఇంటాయన పున్నెంల నాకొచ్చే సగం ఇడిచిన," అంది.

పంతులు తడబడ్డాడు. "ఇష్టమైనది వదలాలి తల్లీ."

"ఇన్నేండ్లు ఇష్టమనే అనుకున్న అయ్యగారూ."

ఎవరూ నవ్వలేదు. భూమేశ్ మొహం చిన్నబోతుందేమోనని తార ఒక్క క్షణం చూసింది. ఆయన కనుబొమలు ముడిచి ఏదో లెక్క వేస్తున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు చివరికి, పంతులు దగ్గరికి జరిగి. "అట్లయితే మొత్తం నాకేనా?"

తార తడి కొంగు పిండుకుని, బస్సెక్కి భూదవ్వ పక్కన కూర్చుంది.