ఊరికే ఇచ్చే నిమ్మకాయలు

నిమ్మకాయలు కోస్తుంటే వేళ్ళు భగ్గుమంటున్నాయి. హోటల్లో బాత్రూములు కడిగే బ్లీచ్‌కి నా చేతులు ఎప్పుడో పగిలిపోయాయి. అయినా ఈ మంటే నయం, నోటితో ఊదుకోవచ్చు. కడుపులో ఉన్న భయాన్ని ఏం చేసుకోను? మాంసం పెట్టిన రొట్టెలు, అదే టాకోలు, అమ్మడానికి మా ఆయన అద్దెకి తీసుకుంటున్న ట్రక్కు యజమాని కాసేపట్లో అడ్వాన్సు కోసం వస్తాడు. లాస్ ఏంజిలస్‌లోని బాయిల్ హైట్స్‌లో మా వీధి ఆడవాళ్ళం వేసుకున్న చీటీలో ఈ నెల వంతు నాది. ఆ డబ్బు పిండి డబ్బాలో ఉంది. అదే అడ్వాన్సని ఇంట్లో నిర్ణయమైపోయింది. నన్నెవరూ అడగలేదు. నేనూ వద్దనలేదు.

బల్ల దగ్గర మా ఆయన ఎవరార్దో పైకే లెక్క కడుతున్నాడు. ట్రక్కు అద్దె, రాత్రిళ్ళు దాన్ని నిలిపే యార్డు కిరాయి, గ్యాసు, మాంసం, మాంసం కాల్చే తన తమ్ముడి జీతం. అన్నీ పోను ప్లేటుకి డాలరున్నర మిగులుతుందట. "ఇక మనకి తిరుగులేదు!" అన్నాడు. మా అత్తగారు దోన్యా సోలే మురిసిపోయింది.

"లెక్కలో నిమ్మకాయలు వెయ్యలేదు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"పిచ్చిదానా, అవి ఊరికే ఇచ్చేవి కదా! టాకో మీద పిండే నిమ్మకాయకి డబ్బులడిగేవాణ్ణి ఈ ఊళ్ళో ఎక్కడైనా చూశావా?" అన్నాడు ఎవరార్దో.

"మనకెవరూ ఊరికే ఇవ్వరుగా. మార్చి వస్తే నిమ్మకాయల పెట్టె ధర మూడింతలవుతుంది. ఊరికే పోసే సల్సా పచ్చడి కూడా వెయ్యలేదు."

విసుక్కుంటూ వేశాడు. డాలరున్నర కాస్తా డాలరయింది. అక్కడితో ఊరుకోవాల్సింది.

"మరి రొట్టెలెవరు కాలుస్తారు?"

"నువ్వే. చేత్తో తట్టిన మొక్కజొన్న రొట్టెలని బోర్డు కూడా రాయించాను."

"నాకెంతిస్తావు?"

అత్తగారు గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "విన్నావురా? మొగుణ్ణి కూలి అడుగుతోంది!"

"ఇంటి మనిషికి జీతమేంటే? లాభమంతా నీది కాదా?" అన్నాడాయన. "హోటలుకి ఫోన్ చేసి చెప్పేశాలే, సోమవారం నుంచి నువ్వు రావని."

కత్తి కింద పెట్టేశాను. హోటల్ జీతం ఎంతని? కానీ అది నా చేతికొస్తుంది. మా అమ్మ మందులకి నేనెవర్నీ అడగను. సోమవారం నుంచి పగలంతా పెనం ముందు నిలబడి, సాయంత్రం చెప్పులు తెగితే ఈయన ముందు చెయ్యి చాపాలి. ఆ ట్రక్కులో ఊరికే ఇచ్చేవాటిలో నేనూ ఒకదాన్ని. ఇన్నేళ్ళూ ఈయన కోపానికి భయపడ్డాను. ఇప్పుడు పట్టుకున్న భయం ముందు అదేపాటి?

బయట హారన్ మోగింది. "డబ్బా పట్రా," అన్నాడు ఎవరార్దో.

తెచ్చాను. కానీ రెండు చేతులతో గుండెలకి అదిమి పట్టుకున్నాను.

"హోటలుకి నేనే ఫోన్ చేస్తాను, సోమవారం వస్తున్నానని. నువ్వు రొట్టెలకి మనిషిని చూసుకో. ఆమెకెంతిస్తావో నాకూ చెప్పు," అన్నాను. డబ్బా మాత్రం వదల్లేదు. "హోటల్ కంటే ఎక్కువైతే నేనే వస్తాను."