అన్‌సొలిసిటెడ్

సకల జనుల సమ్మె మొదలైన రెండో వారం. రజిత ఎల్.బి.నగర్‌లో కాపురం పెట్టి అప్పటికి నలభై రోజులు. భర్త శ్రవణ్‌కుమార్ ఆఫీసు సమ్మెలో ఉంది. ఊరంతా పరేషాన్‌లో ఉంటే, మొగుడు పగటిపూట ఇంట్లోనే ఉంటున్నందుకు రజితకు లోలోపల పండగ్గా ఉండేది. అతను ఉల్లిపాయలు కోసిపెట్టినా ముచ్చటే, కరెంటు పోతే ఇద్దరూ గడపలో కూర్చున్నా ముచ్చటే.

పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగుకు వెళ్లి, రోజుకో ఇంగ్లీషు మాట మోసుకొచ్చేది. ఆ రోజు తెచ్చిన మాట ‘అన్‌సొలిసిటెడ్’.

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు ఇందిరాదేవి గోంగూర పచ్చడి తీసుకుని మెట్లు దిగింది. ఆవిడది తెనాలి వైపు. రజిత పొయ్యి మీద ఏముందో చూసి, ఒక సలహా ఇచ్చి పోకపోతే ఆవిడకు తోచదు.

“ఏంటమ్మాయ్, అంతలా వల్లిస్తున్నావు?”

“అన్‌సొలిసిటెడ్ అట ఆంటీ. నోరు తిరుగుతలేదు.”

“అంటే?”

రజితకు నవ్వొచ్చింది. “ఎవ్వరు పిలువకున్నా ఒచ్చేటోళ్లు. ఇగో, మీ లెక్క.”

సందు చివర ర్యాలీ పోతోంది. డప్పుల చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది. ఇందిరాదేవి గిన్నెను గట్టు మీద పెట్టింది.

“ముప్పై ఏళ్లయింది మేమొచ్చి. ఎవరైనా పిలిచారా అని ఎప్పుడూ ఆలోచించలేదమ్మా,” అని పైకి వెళ్లిపోయింది.

“గట్లెందుకన్నవ్?” అన్నాడు ముందుగదిలోంచి అంతా విన్న శ్రవణ్.

“నవ్వులాటకన్న.”

“బయట గా డప్పులు ఇనుకుంట నవ్వులాటేంది రజితా? మనం అడిగేది రాష్ట్రం. ఆమెను పొమ్మంటలేం గద.”

మూడు రోజులు పై మెట్ల మీద అడుగుల చప్పుడే లేదు.

నాలుగో రోజు రజిత క్లాసులో సారును అడిగింది. ఆ మాటను మనుషులకు వాడరని, అడక్కుండా వచ్చే ఉత్తరాలకు, ఫోన్లకు, సలహాలకు వాడతారని ఆయన చెప్పాడు. రజిత ప్రాణం లేచొచ్చింది. ఆటోలు కూడా బంద్. కొత్తపేట మీదుగా ఇంటిదాకా నడిచింది, చెప్పబోయేది దారంతా నెమరేసుకుంటూ. చెప్పులు కూడా విప్పకుండా మెట్లెక్కింది.

“ఆంటీ, నేను తప్పు చెప్పిన. గా మాట మనుషులకు వాడరట. అడగకుండ ఇచ్చే సలహాలకు, తెచ్చిచ్చే...”

గోంగూర పచ్చడి గిన్నె గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఇందిరాదేవి నవ్వింది. “పర్లేదండీ. పరీక్ష బాగా రాయండి.”

ఆవిడ నోట ‘అండీ’ వినడం రజితకు అదే మొదలు. మాటకు అర్థం సరిచేయాలన్న ఆత్రంలో క్షమించమని అడగనేలేదని తట్టేసరికి, తలుపు మెల్లగా మూసుకుంది.